ఆజీ ఎవరో రుజువు చేయమన్నారు

మా ఆజీ పోయి 47 రోజులైంది. మరణ ధ్రువపత్రం నిన్న సాయంత్రం చేతికి వచ్చింది. కోపం చల్లారితే ఇవేవీ రాయబుద్ధి కాదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

ఆజీ అంటే మా ఆయన నాయనమ్మ. మాది రాజమండ్రి. మా అత్తవారు ముంబైవైపు బెనె ఇజ్రాయెల్ యూదులు. పూర్వీకుల ఓడ కొంకణ తీరంలో నవ్‌గావ్ దగ్గర బద్దలైందనీ, బతికి బయటపడ్డవాళ్లు ఆ చుట్టుపక్కలే గానుగలు పెట్టుకున్నారనీ చెప్పుకుంటారు. శనివారం యూదులకు విశ్రాంతి దినం. ఆ రోజు గానుగ ఆడించేవారు కాదు కాబట్టి వాళ్లను ‘శనివార్ తేలీ’లు, అంటే శనివారపు గానుగవాళ్లు అనేవారు. ఇంట్లో మాట మరాఠీ. నాకొచ్చిన మరాఠీ అంతా ఆజీ పెట్టిన భిక్షే. ఆ మరాఠీయే చివరికి నా కొంప ముంచింది.

96 ఏళ్లు బతికింది. వీధివైపు కిటికీ పక్కన ఆవిడ కుర్చీ. చేపలమ్మితో ముప్పావు గంట బేరమాడేది, కొన్నాక ఆమెకే టీ ఇచ్చి మరో ముప్పావు గంట కూర్చోబెట్టేది. ఎవరింట్లో పిల్లాడు పరీక్ష పాసైనా, ఎవరికి ఉద్యోగం వచ్చినా మలీదా కలపాల్సిందే. నానబెట్టిన అటుకులు, బెల్లం, కొబ్బరి, యాలకులు. ఏలియా ప్రవక్త పేర చేసే మొక్కు అది. మా ఊళ్లో కృష్ణాష్టమి ప్రసాదంలాగే ఉందే అని నేనంటే, “అయితే ఇంకో పిడికెడు తిను పోరీ” అంది. నేను ఆ ఇంటికి వస్తానంటే మామగారు నెల రోజులు ముఖం ముడుచుకున్నారు. నన్ను మొదట పక్కన కూర్చోబెట్టుకున్నది ఆజీయే.

పోయిన రోజే పొద్దు వాలకముందు ఖననం అయిపోయింది. తర్వాత ఏడు రోజులు కొడుకుగా మామగారు గడప దాటకూడదు. మా ఆయనకు కౌంటరు కనిపిస్తే నోరు పెగలదు. కాబట్టి కాగితాల పని నా నెత్తిన పడింది. ఇంట్లోనే పోయింది కనుక ఎప్పుడూ చూసే డాక్టరు మరణ కారణం తెలిపే 4ఏ ఫారం రాసిచ్చారు. 21 రోజుల్లో నమోదు చేయాలి, నేను తొమ్మిదో రోజునే వెళ్లాను. అంతవరకూ చీకూచింతా లేదు.

ఏ వార్డు కార్యాలయమో చెప్పను. ఫారంలో మతం దగ్గర నాలుగు గడులు: హిందూ, ముస్లిం, క్రైస్తవం, ఇతరం. ఇతరంలో టిక్కు పెట్టి ‘యహూదీ’ (యూదు) అని రాశాను. గుమాస్తా కళ్లజోడు పైకి నెట్టాడు.

“ఇదేం కులం?”

“కులం కాదండీ, మతం.”

“పేరు చూస్తే మనవాళ్ల పేరే. దహనం చేశారా?”

“లేదు, పూడ్చాం.”

“ప్రార్థన ఎక్కడ చేయించారు?”

నా నోరు ఇక్కడే జారింది. యూదుల ప్రార్థన మందిరాన్ని సినగాగు అంటారు, అదే అనాల్సింది. కానీ ఆజీ ఆ మాట వాడగా నేనెప్పుడూ వినలేదు. వాళ్ల పెద్దలకు సినగాగు అంటే ‘మషీద్’. ముంబైలో 1796లో వెలసిన వాళ్ల మొదటి సినగాగుకు ‘జునీ మషీద్’, అంటే పాత మషీద్ అనే వాడుక. దగ్గర్లోని మస్జిద్ రైల్వే స్టేషనుకు ఆ పేరు దాని వల్లే వచ్చిందంటారు. నేను హాయిగా “మషీద్‌లో” అన్నాను.

“ఆ మాట మొదటే చెప్పాలి కదా!” అని ఇతరం కొట్టేసి ముస్లిం మీద టిక్కు పెట్టాడు. కాదు బాబూ, అబ్రాహాము, మోషే అని మొదలుపెట్టాను. “అయితే క్రైస్తవులు” అన్నాడు. పది నిమిషాల్లో ఆజీ ఇన్ని మతాలు మారింది. వరుసలో వెనకనుంచి ఎవరో “అన్నిట్లోనూ రాసేయండి సాహెబ్” అన్నారు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఈ. మోజెస్ రోడ్డు ఎవరి పేరనుకున్నారు, 1937-38లో బొంబాయి మేయరుగా చేసిన యూదుడిది అని గట్టిగానే అన్నాను. “మేయరు సంగతి నాకెందుకు? ఈవిడ యూదురాలని రుజువు తెండి” అన్నాడు. రెండున్నర గంటలు బల్ల మీద కూర్చోబెట్టి, భోజన విరామమని లేచి వెళ్లాడు.

ఆ కౌంటరు ముందు ఆజీ నిలబడి ఉంటే రెండు నిమిషాల్లో అతని సొంతూరు కనుక్కుని, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పికి ఏ నూనె రాయాలో చెప్పి వచ్చేది.

ఆ రాత్రి డిమోనా నుంచి ఆజీ చెల్లెలు ఫోను చేసింది. ఆవిడ ఇజ్రాయెల్ వెళ్లి అరవయ్యేళ్లు దాటింది. జరిగింది చెబితే పగలబడి నవ్వింది. అక్కడి పెద్ద రబ్బీలు, అంటే యూదు మతగురువులు, బెనె ఇజ్రాయెల్ వాళ్లు పూర్తి యూదులేనా అని అప్పట్లో పెళ్లిళ్ల దగ్గర మెలిక పెట్టేవారు. వాళ్లు అన్నివిధాలా యూదులేనని 1964లో ప్రభుత్వం ప్రకటించేదాకా గొడవే. “నన్ను ఇక్కడ అడిగారు, అక్కను అక్కడ అడిగారు, లెక్క సరిపోయింది” అంది.

యూదులకు మైనారిటీ హోదా ఇస్తూ మహారాష్ట్ర ప్రభుత్వం 2016లో జారీ చేసిన ఉత్తర్వును మా ఆయన వెతికి పెట్టాడు. ఈ మొత్తంలో ఆయన చేసిన పని అదొక్కటే. అది చూశాక గుమాస్తా కిక్కురుమనకుండా ‘ఇతరం’ అని మార్చాడు. అప్పుడు పక్క బల్ల ఆవిడ చెప్పింది, మతం గడి లెక్కల కోసమేననీ, ధ్రువపత్రంలో అచ్చుకాదనీ! కాబట్టి మీరు పోట్లాడేముందు ఏ గడి అచ్చవుతుందో కనుక్కోండి. నేనైతే తెలిసినా పోట్లాడేదాన్నేమో.

అచ్చయ్యేది పేరు. పుట్టింటివాళ్లు పెట్టినది ఒకటి, పెళ్లిలో అత్తింటివాళ్లు మార్చినది ఒకటి, సినగాగులో పిలిచే హీబ్రూ పేరు మరొకటి. ఆధార్‌లో ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఇంకొకటి. అన్నీ ఒక్కరివేనని అఫిడవిట్ కావాలి, ఆవిడను ఎరిగినవాళ్లు ఇద్దరు సంతకం చేయాలి.

మా సినగాగులో ప్రార్థనకు పదిమంది మగవాళ్లు కూడాలంటే ఫోన్లు చేసి బతిమాలుకోవాలి, సగం కుటుంబాలు ఇజ్రాయెల్ వెళ్లిపోయాయి. నోటరీ దగ్గరికి మాత్రం పిలవకుండానే పదకొండు మంది వచ్చారు. ఇరుగుపొరుగు, కుట్టుమిషను ఆయన, కింద అంతస్తు మాస్టారు, తట్ట నెత్తిన పెట్టుకునే చేపలమ్మి. నోటరీ ఇద్దరు చాలన్నాడు. మాస్టారు, కుట్టుమిషను ఆయన సంతకాలు చేశారు. చేపలమ్మి ఒప్పుకోలేదు. “నలభయ్యేళ్లు చేపలు వేసినదాన్ని, నాకన్నా ఎక్కువ ఎరిగినవాడెవడు?” అని బొటనవేలు చాపి నిలబడింది. చివరికి నోటరీ మూడో సాక్షిగా వేలిముద్ర వేయించుకున్నాడు. కాగితం మూలన ఒక పొలుసు అంటుకుంది, దులిపి ముద్ర కొట్టాడు.

ధ్రువపత్రం నకళ్లు ఐదు చాలని ఎవరైనా అంటే నమ్మకండి, పది తీసుకోండి. మాకు ఇప్పుడే తొమ్మిదికి వచ్చాయి. ఈ ఉదయం చేపలమ్మి వచ్చి తనకూ ఒకటి కావాలంది. ఆమెకు చదవడం రాదు. పైనుంచి కిందిదాకా చూసి, ఆజీ పేరు ఏ వరుసలో ఉందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. నాలుగు మడతలు పెట్టి నడుముకున్న సంచిలో దోపుకుని, ఇవాళ పాంఫ్రెట్ బాగుందంది.