లిఫ్టు పక్కన లారీ బొమ్మ

పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నేనూ పడుకుందామనే వెళ్లాను గానీ కళ్లు మూస్తే ఆ లారీయే కనపడుతోంది. అందుకే లేచొచ్చి కూర్చున్నాను.

లారీ అంటే నిజం లారీ కాదు. పొద్దున మా లిఫ్టు పక్కన నోటీసు బోర్డులో అతికించిన నీళ్ల ట్యాంకర్ బొమ్మ. ఎడమ పక్క పోయినేడు ఏప్రిల్, చిన్న ట్యాంకర్, కింద 18. కుడి పక్క ఈ ఏప్రిల్, పెద్ద ట్యాంకర్, కింద 36. అంకెల్లో తప్పేం లేదు, అవి నేనిచ్చినవే. తప్పంతా ఆ బొమ్మలోనే ఉంది.

ఆఫీసు నుంచి వచ్చాక చిన్నదాని జామెట్రీ బాక్సులో స్కేలు తీసుకుని మళ్లీ కిందికెళ్లి కొలిచాను. చిన్న లారీ ఎత్తు 3 సెంటీమీటర్లు, పొడుగు 5. పెద్దది ఎత్తు 6, పొడుగు 10. రెట్టింపు కదా అని ఎత్తు రెట్టింపు చేశారు. లారీ సాగిపోయినట్టు కనపడకూడదని పొడుగు కూడా రెట్టింపు చేశారు. కాగితం మీద ఒకటి 15 చదరపు సెంటీమీటర్లు ఆక్రమిస్తే రెండోది 60. అంటే నాలుగింతలు. పైగా ట్యాంకర్ అంటే గుండ్రటి డ్రమ్ము కదా, చూసేవాళ్లు మనసులో దాన్ని డ్రమ్ములాగే ఊహించుకుంటారు. అలా లెక్కేస్తే ఆ పెద్దదాంట్లో ఎనిమిది చిన్నవాటి నీళ్లు పడతాయి. ఉన్నదేమో రెండింతలే. కింద 36 అని రాసుంది నిజమే, కానీ లిఫ్టు కోసం నిలబడ్డ అర నిమిషంలో కంటికి ఆనేది అంకె కాదు, లారీ.

ఎంత ఆనిందో పొద్దున్నే తెలిసింది. లిఫ్టులో మూడో ఫ్లోరు ఆంటీ, "ఏంటమ్మా ఇది, ఇన్ని నీళ్లు తాగేస్తోందా మన బిల్డింగు! ఎవరో పంపు వదిలేసి పోతున్నారు" అన్నారు. మధ్యాహ్నానికి వాట్సాప్ గ్రూపులో ఆ 'ఎవరో' కాస్తా అద్దెకున్నవాళ్లయ్యారు. సాయంత్రానికి రెండో ఫ్లోరులో ఉండే నలుగురు కుర్రాళ్లయ్యారు. "బ్యాచిలర్స్‌కి ఇవ్వొద్దని ఆరోజే చెప్పాం" అని ఒకాయన. కింద నాలుగు దండాలు, ఆరు బొటనవేళ్లు.

నేను వచ్చేసరికి వాళ్లలో ఒకబ్బాయి వాటర్ క్యాను మోసుకుంటూ మెట్లెక్కుతున్నాడు. లిఫ్టు ఉండగా మెట్లెందుకు బాబూ అంటే, "పర్లేదాంటీ" అని తల దించుకున్నాడు. కాసేపాగి, "ఏప్రిల్లో పది రోజులు మేం ముగ్గురం ఊళ్లోనే లేం ఆంటీ" అన్నాడు. నన్నెవరూ అడక్కపోయినా నాకే మొహం చెల్లలేదు.

అసలు ట్యాంకర్లు ఎందుకు పెరిగాయి? మార్చి సగంలో రెండు బోర్లలో ఒకటి ఎండిపోయింది, అంతే. మోటారు వేస్తే గాలి, బురద. ఆ సంగతి అందరికీ తెలుసు. నీళ్ల వాడకం పెరగలేదు, బయట నుంచి కొనే వాటా పెరిగింది. ఆ బొమ్మలో బోరు ఏదీ? ఒక చిన్న లారీ, ఒక రాక్షసి లారీ, అంతే. కారణం చెప్పకుండా భయం ఒక్కటే పెట్టేస్తే మనుషులు ఎవరో ఒకర్ని పట్టుకోక ఏం చేస్తారు?

ట్రెజరర్ గారికి ఫోన్ చేశాను. ఆయన మంచాయనే, నేనంటే అభిమానం కూడా. "అందరికీ అర్థం కావాలని బొమ్మ పెట్టానమ్మా. నువ్వు ఫిబ్రవరి నుంచి నెలనెలా టేబుల్ పెడుతున్నావు కదా, ఒక్కళ్లన్నా చూశారా?" అన్నారు. నేను మళ్లీ ఎత్తు, పొడుగు అని ఏదో చెప్పబోయాను. "లెక్క అంత పట్టిపట్టి ఎవరు చూస్తారమ్మా" అన్నారు. పెట్టేశాను.

ఈయనతో చెబితే, "వదిలెయ్, నోటీసు రేపటికి చిరిగిపోతుంది" అన్నారు. ఈయనకి అన్నీ రేపటికి చిరిగిపోతాయి.

నిజానికి నాకు లెక్కల్లో బొమ్మలంటేనే మొదట్నుంచీ గిట్టదు. చిన్నదాని ఆరో తరగతి పుస్తకంలో పటచిత్రాలని ఒక పాఠం ఉంది. ఒక పండు బొమ్మ గీసి 'ఇది 10 పండ్లకు సమానం' అంటారు, అయిదంటే సగం పండు గీయాలి. పోయిన నెల హోంవర్కు చేయిస్తూ, "45 అని రాసేస్తే సరిపోయేదానికి నాలుగున్నర కాయలు ఎందుకే" అని విసుక్కున్నాను. అది చాలా ఇష్టంగా ఆకుపచ్చ స్కెచ్‌పెన్నుతో తొడిమలు దిద్దుకుంటోంది అప్పుడు. ఈ రోజు టపా మొదలుపెట్టింది కూడా అదే రాద్దామని. అంకెలున్నప్పుడు బొమ్మలెందుకు, బొమ్మ పెడితే మోసం దూరుతుంది అని.

ఇంతవరకూ రాసి ఆగిపోయాను. అమ్మమ్మ చాకలి పద్దు గుర్తొచ్చింది.

అమ్మమ్మకి చదువు రాదని ఇక్కడ చాలాసార్లు రాశాను. పద్దు మాత్రం రాసేది. పొడుగాటి నోటు పుస్తకం, అట్టకి చిల్లు పెట్టి పురికొసతో కట్టిన పెన్సిలు, వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడుతుండేది. అందులో ఒక్క అక్షరం ఉండదు. నిలువు పెట్టె గీసి లోపల రెండు పక్కలా సన్నగీతలుంటే పంచె. పెట్టె కింద మెలికల గీత ఉంటే చీర, అవి కుచ్చిళ్లు. రెండు చేతులున్న చిన్న బొమ్మ జాకెట్టు. గళ్లుంటే దుప్పటి. మూలలు గుండ్రంగా ఉంటే దిండు గలీబు. తువ్వాలుకి కింద నాలుగు పోగులు వేలాడుతుండేవి. ఆరు పంచెలు వేస్తే ఆరు పెట్టెలు వరసగా. ఉతికి తెచ్చాక ఒక్కోదాన్నీ లెక్కపెట్టుకుంటూ దాని బొమ్మ మీద ఏటవాలుగా ఒక గీత కొట్టేది.

నాకప్పుడు ఏడేళ్లుంటాయేమో, వేసవి సెలవులు. అమ్మమ్మ చేతులకి పిండి ఉందని నన్ను రాయమంది. తను బట్టల పేర్లు చెబుతుంటే నేను గీస్తున్నాను. "దుప్పట్లు ఐదు" అంది. ఐదింటికీ గళ్లు గీయడమంటే బద్ధకమేసింది. పేజీ సగం పట్టేలా ఒకే దుప్పటి గీసి, ఇంత పెద్దది గీశాను కదా, అదే ఐదని చెప్పాను. అమ్మమ్మ పిండి చేత్తోనే పుస్తకం లాక్కుని చూసింది. "ఒక్కటే పెద్దది గీస్తే ఒక్క పెద్ద దుప్పటి అవుద్దే. ఐదంటే ఐదు కనపడాల" అంది. చెరిపించి, ఐదూ మళ్లీ గీయించింది. ఆ పేజీ మీద పిండి మరక చాలాకాలం ఉంది.

ఆ వేసవిలోనే తాతయ్య అంచు పంచె ఒకటి తిరిగి రాలేదు. బట్టలకొచ్చే ఆయన అన్నీ ఇచ్చేశానన్నాడు. అమ్మమ్మ వాదించలేదు. పద్దు తెచ్చి అరుగు మీద ఆయన ముందు పెట్టింది. ఆయనకీ చదువు రాదు. వేలు పెట్టి ఒక్కో పంచె బొమ్మా లెక్కపెట్టుకుంటూ పోయాడు. ఐదింటి మీద గీతలున్నాయి, ఆరోదాని మీద లేదు. "నిజమేనమ్మగారూ, ఒకటి తక్కువుంది" అన్నాడు. నాలుగు రోజులకి ఇంకెవరింటి మూటలోనో కలిసిన పంచె తెచ్చిచ్చాడు. ఎవరి గొంతూ పెరగలేదు. నాకప్పుడు అదేం పెద్ద విషయంగా అనిపించలేదు. ఇప్పుడు ఈ కుర్రాడి మొహం చూశాక అనిపిస్తోంది. ఆ పుస్తకం అమ్మమ్మదే అయినా ఆయన కూడా తన వేలితో లెక్కపెట్టుకోగలిగాడు.

ఇలాంటి పని పెద్ద ఎత్తున చేసినవాళ్లున్నారని ఉద్యోగంలో చేరిన కొత్తల్లో చదివాను. 1925లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఒట్టో నోయ్‌రాత్ అనే ఆయన సమాజం, ఆర్థికం గురించిన మ్యూజియం ఒకటి పెట్టాడు. ఇళ్లెన్ని, జబ్బులెన్ని, పనిలేనివాళ్లెందరు లాంటి లెక్కలు ఆ ఊరి కూలీనాలీ జనానికి కూడా తెలియాలని ఆయన పట్టుదల. ఆయన పెట్టుకున్న మొదటి నియమం అమ్మమ్మదే: ఎక్కువంటే ఎక్కువ బొమ్మలు గీయాలి, బొమ్మని పెద్దది చేయకూడదు. అన్నీ ఒకే సైజు, వరసగా, లెక్కపెట్టుకునేలా. గెర్డ్ ఆర్న్‌ట్స్ అనే కళాకారుడు ఆ గుర్తుల్ని లినోలియం అనే, నేల మీద పరిచే మెత్తటి షీటు మీద చెక్కి అచ్చు వేసేవాడు. అలా దాదాపు 4000 గుర్తులు చేశాడంటారు. 1934లో అక్కడి రాజకీయాలు తిరగబడితే నెదర్లాండ్స్‌లోని హేగ్‌కి, 1940లో జర్మన్లు అక్కడికీ వస్తే పడవ పట్టుకుని ఇంగ్లండుకీ పారిపోయాడు నోయ్‌రాత్. ఆ పద్ధతికి 1935లో ఐసోటైప్ అని పేరు పెట్టింది మారీ రైడెమైస్టర్, తర్వాత ఆయన భార్య అయిన ఆవిడ.

నాకు ఈవిడంటేనే ఎక్కువ గౌరవం. వాళ్ల బృందంలో ఆవిడ పనికి ఒక పేరుండేది, ట్రాన్స్‌ఫార్మర్ అని. లెక్కల పండితులిచ్చిన పట్టికకీ, బొమ్మ గీసే చేతికీ మధ్య కూర్చునే మనిషి. ఏది చెప్పాలి, ఏది వదలాలి, ఏది దేని పక్కన పెట్టాలి అని ఆలోచించేది ఆవిడే. 1945లో ఆయన పోయాక కూడా పని ఆపలేదు. 1950లలో పశ్చిమ నైజీరియాకి బొమ్మలు చేయాల్సి వచ్చినప్పుడు టోపీ పెట్టుకున్న వియన్నా మనిషి బొమ్మనీ, యూరప్ ఇంటినీ పెట్టకుండా అక్కడి మనుషులూ, అక్కడి ఇళ్లూ కనపడేలా మార్చి గీయించింది.

మా బిల్డింగులో ఆ మధ్యలో కూర్చునే మనిషి లేకుండా పోయింది. నా దగ్గర పట్టిక ఉంది, ట్రెజరర్ గారి దగ్గర బొమ్మ ఉంది. రెంటి మధ్యా ఎవరూ ఆలోచించలేదు. ఆయనన్న మాట ఇప్పుడు నెమ్మదిగా లోపలికి దిగుతోంది. ఫిబ్రవరి నుంచి నేను పెట్టిన పట్టికలు ఎవరికి అర్థమయ్యాయి? ఇంగ్లీషులో, తేదీలూ రేట్లూ కలిపి, ఫోన్లో పక్కకి జరిపితే గానీ కనపడని తొమ్మిది గడులు. మా వాచ్‌మన్‌కి అర్థమవుతుందా? అసలు ఆ లెక్క పుట్టిందే ఆయన దగ్గర. ట్యాంకర్ వచ్చినప్పుడల్లా మోటారు గది గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీస్తాడు. నాలుగు నిలువు గీతల మీద ఐదోది అడ్డంగా. నెలాఖరున నేను వెళ్లి లెక్కపెట్టుకుని వస్తాను. గోడ మీద ఎవరైనా చూసి లెక్కపెట్టగలిగిన దాన్ని తీసుకెళ్లి నేనేమో ఎవరూ చదవని పట్టిక చేశాను, ట్రెజరర్ గారేమో ఎవరూ లెక్కపెట్టలేని లారీ చేశారు.

అంటే బొమ్మలు వద్దన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. చిన్నదాన్ని విసుక్కున్న మాట కూడా. కానీ ట్రెజరర్ గారిని సమర్థించట్లేదు. చూడబుద్ధయ్యేలా చేయడం ఒకటి, చూసినవాళ్లని తప్పుదారి పట్టించడం ఒకటి. ఆ లారీ వల్ల నీళ్ల గురించి అందరూ మాట్లాడారన్నది నిజం. ఏం మాట్లాడారన్నదీ చూడాలి కదా.

ఇందాక తొమ్మిదింటికి చిన్నదాన్ని కూర్చోబెట్టుకుని, మనమే వేరే చార్టు గీద్దామా అన్నాను. దాని మొహం చూడాల్సింది. ఒక లారీ అంటే 4 ట్యాంకర్లు అనుకుందామని నేనన్నాను. ఈ ఏప్రిల్‌కి తొమ్మిది లారీలు, సరిపోయింది. పోయిన ఏప్రిల్‌కి నాలుగున్నర. "సగం లారీ ఎటుపక్క నుంచి కొయ్యాలమ్మా?" అంది. ముందు భాగం కోసేస్తే డ్రమ్ము ఒక్కటే మిగిలి అదేంటో తెలీదు, వెనక కోసేస్తే నీళ్లుండే చోటే పోతుంది. పెన్సిలు నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, "ముందుదే ఉంచుదాం, డ్రైవరుండాలి కదా" అంది. మార్చి చూస్తే 23. ఐదు లారీలూ ముప్పావు. నోయ్‌రాత్ వాళ్లయితే ఈ ముక్కల గొడవ పెట్టుకోకుండా దగ్గరి అంకెకి సర్దేవారు ఎక్కువగా. మా దగ్గర కుదరదు. ప్రతి ట్యాంకర్‌కీ ఫ్లాటుకింతని డబ్బులు వసూలు చేస్తాం, ఒకటి సర్దేస్తే మళ్లీ అదో గొడవ.

అందుకని ఒక్క ట్యాంకర్‌కి ఒక్క లారీ. అన్నీ ఒకే సైజు, పదేసి చొప్పున వరసలు. మార్చి మధ్యలో ఒక నీలం గీత, దాని పక్కన కొట్టేసిన బోరు బొమ్మ, కింద తెలుగులో 'రెండో బోరు ఎండిపోయింది'. చిన్నది పోయిన ఏప్రిల్ 18, ఈ ఫిబ్రవరి 11, మార్చి 23 గీసి, ఈ ఏప్రిల్లో 14 దాకా వచ్చి బల్ల మీదే నిద్రపోయింది. ఎత్తుకెళ్లి పడుకోబెట్టాను. బరువైపోయింది, ఇంకెన్నాళ్లో ఎత్తుకోలేను. మిగతావి నేను గీశాను. దాని చక్రాల్లాగా నావి గుండ్రంగా రాలేదు. 36 లారీలూ చూస్తుంటే ఎక్కువేననిపించింది, కానీ భయమేయలేదు. పోయిన ఏప్రిల్ వరసతో పోల్చుకుంటే సరిగ్గా దానికి ఇంకో అంత ఉన్నాయి.

పొద్దున ట్రెజరర్ గారికి చూపించి ఆయన చేతే అతికించాలి. నేను అతికిస్తే ఇంకోలా ఉంటుంది. రెండో ఫ్లోరు వాళ్ల తలుపు కూడా కొట్టాలి, ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.

కింద ట్యాంకర్ రివర్సు హారన్ వినపడుతోంది. వాచ్‌మన్ గేటు తీస్తున్నాడు. మే నెల వరసలో ఇది ఏడోది.