క్యాప్సూల్ కొనే ముందు

నెస్ప్రెస్సో కాఫీ యంత్రానికి ఇతర కంపెనీల క్యాప్సూళ్లు (ఒక కప్పుకు సరిపడా కాఫీ పొడి నింపి మూసిన చిన్న డబ్బాలు) కొనాలనుకుంటే ముందు మీ యంత్రం ఏ రకమో తేల్చుకోండి. నెస్ప్రెస్సో ఇంటి యంత్రాల్లో ఒరిజినల్, వెర్టువో అని రెండున్నాయి. ఒరిజినల్‌కు సరిపోయేవి బోలెడు దొరుకుతాయి. వెర్టువో మాత్రం క్యాప్సూల్ అంచున ఉన్న బార్‌కోడ్‌ను చదివి, దాన్ని గిరగిరా తిప్పుతూ కాఫీ దింపుతుంది. ఒకదానివి మరొకదానికి పట్టవు. డోల్చే గుస్టో అనే మరో రకం యంత్రం క్యాప్సూళ్ల ఆకారమే వేరు.

కూకట్‌పల్లిలోని మా ఇంట్లో ఉన్నది ఒరిజినల్. నా ఓటు అల్యూమినియానికే. గాలి చొరబడదు కనుక పొడి వాసన నిలుస్తుంది. ప్లాస్టిక్‌వైతే, ఒక్కొక్కటీ విడి పొట్లంలో మూసి ఉన్నవే తీసుకుంటాను. కొత్త రకం కనిపిస్తే చిన్న పెట్టె చాలు. లీవర్ దించేటప్పుడు చేతికి తగిలే బిగువును గమనిస్తాను. మామూలుకన్నా గట్టిగా ఉంటే బలవంతంగా నొక్కను, అక్కడితో ఆ రకానికి స్వస్తి. ఆ తరువాత ధార. ఎలుకతోకలా సన్నగా దిగుతూ, పైన తేనెరంగు నురగ కట్టాలి. నీళ్లలా జారిపోతే అంచు సరిగా బిగియలేదేమోనని నా మొదటి అనుమానం.

ఒక్కో ఒరిజినల్ క్యాప్సూల్‌లో పొడి సుమారు 5 గ్రాములే. పాలు ధారాళంగా పోసుకునే మన ఇళ్లకు బాగా వేయించినదీ, కాస్త రోబస్టా (ఘాటైన గింజ రకం) కలిసినదీ నప్పుతుంది. లేత వేపుడు అరబికా (మృదువైన గింజ రకం) ఎంత మంచిదైనా పాలలో రుచి తేలదు, అది విడిగా తాగవలసినది.

ఇంకొకటి, మన నగరంలో చాలాచోట్ల బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. యంత్రం ట్యాంకులో శుద్ధిచేసిన నీళ్లే పోయండి.