సోల్ఫెజియెట్టో తర్వాత ఏంటి? సి.పి.ఇ. బాఖ్‌తో నా అనుభవం

పియానో నేర్చుకునేవాళ్ళలో చాలామందికి కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ బాఖ్ (పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త) అంటే సోల్ఫెజియెట్టో అనే చిన్న పీస్ ఒక్కటే తెలుసు, అది వచ్చేశాక ఆయన్ని వదిలేస్తారు, నాకు మాత్రం అసలు ఆయన అక్కడి నుంచే మొదలయ్యాడు.

సోల్ఫెజియెట్టో 1766 నాటిది, సి మైనర్ అనే స్వరశ్రేణిలో ఉంటుంది. చాలావరకు ఒక్కో స్వరమే, ఆ ఒక్క లైన్‌నే రెండు చేతులూ పంచుకుంటాయి, చెయ్యి మారిన సంగతి వినేవాళ్ళకి తెలియకూడదు. నేను మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) బాగా స్లోగా పెట్టుకుని చెయ్యి మారే చోట్లు మాత్రమే వాయించి, అవి కుదిరాకే పీస్ మొత్తం కలిపా.

ఆ తర్వాత మా టీచర్ గారు సి మైనర్ ఫాంటసీ ఇచ్చారు, ఫాంటసీ అంటే అప్పటికప్పుడు అల్లినట్టు స్వేచ్ఛగా సాగే పీస్. 1753లో బాఖ్ కీబోర్డ్ వాయించే పద్ధతి మీద పెద్ద పుస్తకం రాశాడు, దానికి జతగా వేసిన ఆరు సొనాటాల్లో (కొన్ని భాగాలున్న వాద్య రచనలు) చిట్టచివరి భాగం ఇది. పేజీ చూస్తే చాలావరకు బార్ లైన్లే (లయ లెక్కను విడగొట్టే గీతలు) లేవు! మధ్యలో లార్గో అనే నెమ్మది భాగం ఒక్కటే లెక్క ప్రకారం నడుస్తుంది, మిగతాదంతా పరుగులు, ఉన్నట్టుండి ఆగడాలు, గట్టిగా వాయిస్తూ వాయిస్తూ ఒక్కసారిగా మెల్లగా అయిపోవడం. దారి దొరికింది ఆయన పుస్తకంలోనే, 1762లో వచ్చిన రెండో భాగం చివరి అధ్యాయంలో. ముందు బాస్ స్వరాలు (అడుగున ఉండే మంద్ర స్వరాలు) వరుసగా వేసుకుని దాని మీద ఫాంటసీ ఎలా అల్లాలో చూపించాడు. నేను ఆ పద్ధతిని తలకిందులు చేశా, రాసి ఉన్న ఫాంటసీలోంచి ఎడమ చేతి బాస్ మాత్రమే ఏకబిగిన వాయిస్తూ పోయా, అప్పుడు ఆ పరుగులన్నీ ఏ శ్రుతి చుట్టూ తిరుగుతున్నాయో చెవికి పట్టింది.

ఇంకోటి, ఇవి క్లావికార్డ్ అనే పాతకాలపు చిన్న కీబోర్డ్ వాద్యాన్ని మనసులో పెట్టుకుని రాసినవి. టీచర్ గారింట్లో ఒకటి ఉంది, గొంతు చాలా చిన్నది, పక్క గదిలోకి కూడా సరిగ్గా వినపడదు. కానీ మెట్టు నొక్కితే ఇత్తడి ముక్క తీగని తాకి అలాగే ఆని ఉంటుంది, వేలు కొంచెం కొంచెం ఒత్తితే స్వరం ఊగుతుంది, వీణ మీద గమకం లాగే! పియానోలో సుత్తి తగిలి వెనక్కి వెళ్ళిపోతుంది కాబట్టి ఆ ఊపు రాదు. అది చేత్తో తెలిశాక పియానో మీద కూడా నా టచ్ మారిపోయింది.

ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఫ్లూట్ వాయిస్తుంటే పక్కన సహకారం వాయిస్తూ బెర్లిన్‌లో దాదాపు ముప్ఫై ఏళ్ళు గడిపి, స్వరకర్త టెలెమాన్ చనిపోవడంతో ఖాళీ అయిన సంగీత పదవికి 1768లో హాంబర్గ్ వెళ్ళిన మనిషి బాఖ్. మనసులోంచి వాయించాలి, నేర్పిన పిట్టలా కాదు అని తన పుస్తకంలో రాశాడు, ఆ ఫాంటసీ వాయించాక ఆ మాట నేను పూర్తిగా నమ్మా. ఇప్పుడు 1787 నాటి ఎఫ్ షార్ప్ మైనర్ ఫాంటసీ మొదలుపెట్టా, మళ్ళీ బాస్ నుంచే.