ఆవకాయ మీద నూనె తేలాలి, కొవ్వొత్తి మీద కాదు

పిన్ని, బాబాయిల 25వ పెళ్లిరోజుకి వచ్చినవాళ్ల చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపాలనుకున్నారు, వాసన కొవ్వొత్తులు నేనే చేసిస్తానని నోరు జారాను. 24 గాజు జార్లు, ఐదు కిలోల సోయా వ్యాక్స్ (సోయా నూనెతో చేసే మైనం), మల్లెపూల ఫ్రాగ్రెన్స్ ఆయిల్, అంటే వాసన నూనె. అది 2023 మే నెల, చెన్నై. మన పంచాంగంలో కర్తరి, ఇక్కడివాళ్ల నోట కత్తిరి వెయిల్, ఏ పేరుతో పిలిచినా మాడేది మాడు మాడుతుంది. పోసిన మర్నాడు పొద్దున్నే చూస్తే ప్రతి జారు మీదా చెమట పట్టినట్టు నూనె చుక్కలు. నెల్లూరు నుంచి ముందు రోజే దిగిన అమ్మ ఒక జారు ఎత్తి వెలుతురుకి పెట్టి చూసి "నూనె బాగానే తేలిందే, ఊరినట్టుంది" అంది. ఆవిడది ఆవకాయ లెక్క. మూడో రోజు జాడీ మూత తీస్తే నూనె పైకి తేలి ఉండాలి, లేకపోతే ఇంకాస్త పోయాలి. కొవ్వొత్తికి ఆ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. పైకి తేలిందంటే వ్యాక్స్ దాన్ని పట్టుకోలేక వదిలేసిందని అర్థం.

వెలిగించి చూస్తే ఇంకా ఘోరం. జారు దగ్గర ముక్కు పెడితే మల్లెతోట, వెలిగించాక రెండడుగుల అవతల ఏమీ లేదు. వత్తి కొన నల్లగా పుట్టగొడుగులా ఉబ్బి పొగ.

నేను చేసిందేమిటంటే, వాసన బాగా రావాలని వ్యాక్స్ బరువులో 12 శాతం ఆయిల్ పోశాను. ఆయిల్ ఎక్కువైతే వాసన ఎక్కువ అనేది మనకి ఎంత సహజంగా తోస్తుందో అంత తప్పు. జార్లలో పోసే సోయా వ్యాక్స్ చాలావాటికి 10 శాతం దగ్గర హద్దు ఉంటుంది, వ్యాక్స్ అమ్మేవాళ్లే ఆ అంకె రాసిస్తారు, మామూలుగా వాడేది 6 నుంచి 10 మధ్య. హద్దు దాటాక పోసిన ప్రతి చుక్కా లోపల ఇమడదు. కొంత పైకి కారుతుంది, కొంత అడుక్కి చేరుతుంది, కొంత వత్తిలోకి ఎక్కి దాని దారి మూసేస్తుంది. వత్తి సరిగ్గా పీల్చకపోతే మంట చిన్నదవుతుంది, మంట చిన్నదైతే వ్యాక్స్ చాలినంత కరగదు, కరగకపోతే వాసన గాలిలోకి ఎక్కడినుంచి వస్తుంది? ఇంకో సంగతి, పైన ఆయిల్ మడుగు కట్టిన జారు వెలిగిస్తే మంట ఒక్కసారిగా పైకి లేచే ప్రమాదం కూడా ఉంది. ఆ 24 జార్లూ ఎవరికీ ఇవ్వలేదు. పిన్నికి ఆఖరి నిమిషంలో కుంకుమ భరిణెలు కొనిచ్చాను, అవే బాగున్నాయని అందరూ అన్నారు, అది వేరే బాధ.

ఇక కొలత గురించి, ఎందుకంటే నా రెండో తప్పు అక్కడే. శాతం అంటే వ్యాక్స్ బరువులో శాతం. మిల్లీలీటర్లు కావు. ఒక ఆయిల్ నీళ్లకన్నా తేలిక, ఇంకొకటి బరువు, అందుకని సీసా మూతతోనో మందు గ్లాసుతోనో కొలిస్తే ప్రతిసారీ ఒక్కో లెక్క. త్రాసు మీద గిన్నె పెట్టి సున్నా చేసి తూచాలి, అంతే. 180 గ్రాముల వ్యాక్స్‌కి 8 శాతం అంటే 14.4 గ్రాములు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. జారులో మొత్తం 180 గ్రాములే పట్టాలంటే 180ని 1.08తో భాగించాలి, అప్పుడు వ్యాక్స్ సుమారు 166.7, ఆయిల్ 13.3 వస్తాయి. నేను మొదట్లో నిండు జారుకి సరిపడా వ్యాక్స్ కరిగించి, దాని మీద ఆయిల్ పోసి, పొర్లిపోతే ఎందుకబ్బా అని ఆలోచించిన మనిషిని. వంటింటి త్రాసు గ్రాము అటూ ఇటూ చూపిస్తుంది కదా, ఒక్క జారుకి తూస్తే 14 గ్రాముల్లో ఒక గ్రాము పెద్ద తేడా. అదే ఆరు జార్లకి కలిపి ఒకేసారి తూస్తే ఆ గ్రాము ఎవరికీ పట్టదు.

వేడి విషయంలో నేను పెద్ద పట్టింపులు పెట్టుకోను. నీళ్లగిన్నెలో గిన్నె పెట్టి వ్యాక్స్ కరిగించి, 80, 85 డిగ్రీల మధ్య స్టవ్ ఆపేసి, ఆయిల్ పోసి రెండు నిమిషాలు మెల్లగా కలుపుతాను, గిలక్కొట్టను, గాలిబుడగలు వస్తాయి. తర్వాత 60 దగ్గరికి దిగాక జార్లలో పోస్తాను. మీ వ్యాక్స్ సంచి మీద వేరే అంకె ఉంటే అదే పాటించండి. ఆయిల్ సీసా మీద ఫ్లాష్ పాయింట్ 70 అని ఉంటే, అంతకన్నా వేడిగా ఉన్న వ్యాక్స్‌లో పోస్తే వాసన ఎగిరిపోతుందని చాలామంది భయపడతారు. ఫ్లాష్ పాయింట్ అంటే ఆ వేడిలో దాని ఆవిరికి నిప్పు తగిలితే అంటుకుంటుందని, వాసన మాయమైపోతుందని కాదు. అందుకే నేను స్టవ్ ఆపి పోసేది. కానీ పోసి కలిపేశాక గంటలకొద్దీ వేడి మీద ఉంచితే మాత్రం వాసన తగ్గుతుంది, అది వేరే సంగతి.

చెన్నైలో ప్యారీస్ కార్నర్ బజారులో ఆయిల్ కొనేటప్పుడు కొవ్వొత్తులకని ముందే చెప్పి అడగండి. అగరుబత్తీలకి వాడే సెంటు చవకగా దొరుకుతుంది, బాగా పలచన చేసింది ఉంటుంది, నేను తెచ్చిన రకం వత్తిని ముంచేసింది.

సరే, అసలు కథ. ఆ ఏడాది నవంబరు 18న పద్ధతిగా 18 జార్లు పోశాను. 6, 8, 10 శాతం, ఒక్కోటి ఆరేసి. అడుగున తేదీ, శాతం రాసి అంటించాను. రెండో రోజు ఒకసారి, వారానికి ఒకసారి, రెండు వారాలకి ఒకసారి వెలిగించి చూడాలని ప్లాన్. చేసినవాళ్ల ముక్కు ఇందుకు పనికిరాదు, గంట సేపు ఆ వాసనలోనే ఉంటాం కాబట్టి ముక్కు మొద్దుబారుతుంది. అందుకే ఆఫీసు నుంచి వచ్చే మా ఆయన్ని గుమ్మంలోనే ఆపి, చెప్పులు విప్పకముందే, ఏం వాసన వస్తోందో చెప్పమని అడిగేదాన్ని. రెండో రోజు "సాంబారు" అన్నాడు. వారానికి "ఏదో ఉంది". రెండు వారాలకి, అంటే డిసెంబరు 2న, "మల్లెపూలు, కానీ కొంచెమే". 8కి 10కి తేడా అసలు చెప్పలేకపోయాడు.

రెండు రోజులకే మిచాంగ్ తుపాను. 4వ తేదీన చెన్నై అంతా నీళ్లు, మా వీధిలో కరెంటు పోయింది, ఇన్వర్టర్ సాయంత్రానికి చేతులెత్తేసింది. ఇంట్లో మామూలు కొవ్వొత్తులు రెండే ఉన్నాయి, మిగతావన్నీ నా టెస్టు జార్లు. చేతికందింది వెలిగించాను, అది 6 శాతం. అరగంటకి హాలు, వంటిల్లు, నడవా మొత్తం మల్లెలు. ఎదురింటి మామి అగ్గిపెట్టె కోసం వచ్చి, ఈ వానలో మల్లెపూలు ఎక్కడ దొరికాయమ్మా అని అడిగింది!

ఆలోచిస్తే మారింది ఫ్యాను. మే నెల నుంచి నేను చేసిన ప్రతి పరీక్షా ఐదు మీద తిరుగుతున్న ఫ్యాను కింద జరిగింది, చెన్నైలో ఇంకెలా జరుగుతుంది చెప్పండి. ఫ్యాను గాలికి మంట ఒక పక్కకి ఒరుగుతుంది, వ్యాక్స్ ఒకవైపే కరుగుతుంది, పొగ వస్తుంది, వచ్చిన కాస్త వాసనా కిటికీలోంచి పోతుంది. ఆ రాత్రి వానకి కిటికీలు మూసి ఉన్నాయి, గాలి ఆడట్లేదు, జారులో వ్యాక్స్ అంచుదాకా సమానంగా కరిగి నిలిచింది. వాసన వచ్చేది ఆ కరిగిన మడుగు నుంచే. అయితే వెలుతురు కోసమని అత్యాశకి ఐదు జార్లు ఒకేసారి వెలిగించేసరికి రాత్రికి తలనొప్పి పట్టుకుంది, అది మీరు చేయకండి. గదికి ఒకటి చాలు, అదీ నాలుగు గంటలకి మించకుండా, ఓ కిటికీ కాస్త తీసి.

అలాగని ఊరబెట్టడం, అంటే పోశాక కొన్నాళ్లు ఆగి వెలిగించడం, అవసరం లేదని కాదు. వాన తగ్గాక అనుమానం తీరక, కొత్తగా 8 శాతంతో రెండు పోసి ఫ్యాను ఆపి చూశాను. రెండో రోజు జారుకి వాసన నీరసంగా ఉంది, పన్నెండో రోజు జారుకి నిండుగా ఉంది. గాలి ఒకటే, వత్తి ఒకటే. సోయా వ్యాక్స్ అంటే సోయా నూనెలోకి హైడ్రోజన్ పంపి గట్టిపరిచిందే, డాల్డాకి దగ్గర చుట్టం. పైకి నాలుగైదు గంటల్లో గడ్డకట్టినట్టు కనిపిస్తుంది కానీ లోపల ఆ కొవ్వు పలుకులు కట్టడం, సర్దుకోవడం రోజుల తరబడి సాగుతూనే ఉంటుంది, ఆయిల్ ఆ పలుకుల మధ్య ఇముడుతుంది. మామూలు కొవ్వొత్తుల్లో వాడే పారాఫిన్ మైనానికి రెండు మూడు రోజులు చాలు. సోయాకి కనీసం వారం, నేనైతే రెండు వారాలు ఆగుతాను. పైన తెల్లగా బూజులా కనిపించేది కూడా ఆ పలుకులే, బూజు కాదు, వాసనకి దానితో సంబంధం లేదు, ఫోటోకి బాగుండదు అంతే. తొందరపెడదామని ఫ్రిజ్‌లో పెడితే గాజు నుంచి వ్యాక్స్ ఊడొచ్చింది, పగుళ్లు కూడా. ఒక రోజు ఆరనిచ్చి మూత పెట్టి, ఎండ తగలని అల్మరాలో పెట్టి మర్చిపోవడమే.

వత్తి గురించి ఒక్కమాట. ఏడు సెంటీమీటర్ల వెడల్పు జారులో మూడు గంటలకి కరుగు అంచు చేరకపోతే వత్తి సన్నం, చుట్టూ గోడ మిగిలి నడుమ బావి పడుతుంది. అలాంటప్పుడు ఆయిల్ పెంచడం దండగ, వత్తి ఒక సైజు పెంచండి. శాతం మార్చినా, వాసన మార్చినా వత్తి మళ్లీ పరీక్షించుకోవాల్సిందే, మల్లెకి కుదిరిన వత్తి వనిల్లాకి కుదరలేదు నాకు. వనిల్లా ఇంకో పని కూడా చేస్తుంది, అందులోని వనిలిన్ వల్ల తెల్ల వ్యాక్స్ నెల తిరిగేసరికి టీ రంగుకి వస్తుంది. పాడైందని పారేయకండి.

ఇప్పుడు నేను మల్లెకి 7, చందనానికి 8 వాడుతున్నాను, 10 దాకా వెళ్లడం మానేశాను, ఖర్చు కూడా తగ్గింది. మే, జూన్ నెలల్లో కొరియర్ పంపను, నేను వాడే రకం 50 డిగ్రీల లోపే కరిగిపోతుంది, ఎండలో నిలబెట్టిన వ్యానులో ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు. పోయిన వేసవిలో బెజవాడకి పంపిన నాలుగు జార్లు నాలుగూ వాలిపోయి చేరాయి, వత్తులు గోడకి ఆనుకుని ఉన్నాయట. పిన్ని 30వ పెళ్లిరోజుకి మళ్లీ చేసిస్తానన్నాను. ఈసారి ఏప్రిల్ మొదట్లోనే పోస్తాను.