పద్మినికి ఆయిల్ ప్రెషర్ మీటరు: నా అనుభవం

మా ప్రీమియర్ పద్మిని డాష్‌బోర్డులో ఇంజిన్ ఆయిల్ గురించి చెప్పేది ఒక్క ఎర్ర లైటే. తాళం తిప్పగానే వెలుగుతుంది, ఇంజిన్ స్టార్టవగానే ఆరిపోతుంది. ఆరిపోయింది కదా, అంతా బాగుందనుకుని బయల్దేరతాం. కానీ ఇలాంటి లైట్ల వెనకుండే స్విచ్ చాలా కార్లలో 5 నుంచి 7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, ప్రెషర్ కొలత) దగ్గర పనిచేస్తుంది. రోడ్డు మీద 40, 50 ఉండాల్సిన ప్రెషర్ 10కి పడిపోయినా ఆ లైటు వెలగదు. అది వెలిగేసరికి బేరింగులకు జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా విప్పించి క్రాంక్ గ్రైండింగ్ చేయించి, కొత్త బేరింగులు, పిస్టన్లు వేయించాక, అంత ఖర్చు పెట్టిన ఇంజిన్‌ను ఆ లైటుకు వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

హైదరాబాద్‌లో మెహిదీపట్నం దగ్గర షెడ్డున్న మా మెకానిక్ ముందు ఒప్పుకోలేదు. నాన్న హయాం నుంచి ఈ బండి చూస్తున్న మనిషి.

"లైటు మంచిగనే పనిచేస్తుంది కదా సార్. మీటరు పెడితే రోజూ దాన్నే చూసుకుంట టెన్షన్ పడతరు."

"టెన్షన్ ఇప్పుడే ఎక్కువుంది ఉస్తాద్. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే తగ్గుతుంది," అన్నాను.

మీటరు ఏం చూపిస్తుందో ముందు అర్థం చేసుకోవాలి. పంపు చేసే పని ఆయిల్‌ను ముందుకు తోయడం. ఆ ఆయిల్ బేరింగుల మధ్య సన్నని సందుల్లోంచి దూరి పోవాలి, అక్కడ ఎదురయ్యే అడ్డు వల్లే ప్రెషర్ పుడుతుంది. బేరింగులు అరిగి సందు పెరిగితే ప్రెషర్ తగ్గుతుంది. ఆయిల్ వేడెక్కి పల్చబడినా తగ్గుతుంది. పంపు అరిగినా, ఆయిల్ మట్టం పడిపోయినా అంతే. అందుకే ఒక్క ముల్లు ఇంజిన్ లోపలి సంగతులు ఇన్ని చెప్పగలుగుతుంది. టెంపరేచర్ మీటరు ఉంది కదా అంటారు కొందరు. అది చెప్పేది నీళ్ల సంగతి.

మీటర్లలో రెండు రకాలు. ఎలక్ట్రిక్ రకంలో ఇంజిన్‌కు ఒక సెండర్ (ప్రెషర్‌ను కరెంటు సంకేతంగా మార్చే భాగం) బిగిస్తారు, అక్కడి నుంచి డాష్‌బోర్డుకు వైరు వస్తుంది. నూనె కారు లోపలికి రాదు, అది మంచిదే. కానీ సెండర్, మీటరు ఒకే జతవి కావాలి. యూరప్ పద్ధతిలో చేసిన సెండర్లు ఎక్కువగా 10 నుంచి 180 ఓమ్‌ల మధ్య పనిచేస్తాయి, ప్రెషర్‌తో పాటు ఓమ్‌లూ పెరుగుతాయి. అమెరికా పద్ధతి దీనికి తలకిందులు, సున్నా ప్రెషర్ దగ్గర 240, పూర్తి ప్రెషర్ దగ్గర 33. ఒకదాని సెండర్‌ను ఇంకోదాని మీటరుకు తగిలిస్తే ముల్లు అబద్ధమే చెబుతుంది. గురువారం జుమ్మేరాత్ బజార్‌లో చూడముచ్చటైన పాత మీటర్లు దొరుకుతాయి, నిజమే, కానీ వాటి సెండర్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

నేను మెకానికల్ రకం తీసుకున్నాను. ఇందులో ఆయిలే సన్నని గొట్టంలో మీటరు దాకా వస్తుంది. లోపల వంపు తిరిగిన లోహపు గొట్టం ఉంటుంది. ప్రెషర్ పెరిగితే ఆ వంపు కొద్దిగా విచ్చుకుంటుంది, ఆ కదలికే చిన్న పళ్లచక్రాల ద్వారా ముల్లును తిప్పుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన యూజీన్ బోర్డాన్ 1849లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. కరెంటుతో పని లేదు, బ్యాటరీ బలహీనమైనా రీడింగ్ మారదు. కొనగానే షెడ్డులో కంప్రెసర్ గాలి పెట్టి, పక్కన ఇంకో మీటరుతో పోల్చి చూశాం. రెండూ కలిశాయి.

ఇక అసలు పని థ్రెడ్‌లతో. మార్కెట్లో దొరికే మీటర్లకు ఎక్కువగా 1/8 అంగుళం ఎన్‌పీటీ (అమెరికా పైపు థ్రెడ్) ఫిట్టింగులు వస్తాయి, అంగుళానికి 27 చుట్లు. మన దగ్గర పైపు సామాన్లలో ఎక్కువగా కనిపించేది బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు థ్రెడ్), 1/8 సైజులో అంగుళానికి 28 చుట్లు. చేత్తో పట్టుకుని చూస్తే తేడా తెలియదు. ఒకటి ఇంకోదానికి రెండు మూడు చుట్లు ఎక్కుతుంది కూడా. ఆ తర్వాత పానా వేసి బిగిస్తే థ్రెడ్ చెడిపోతుంది. మా పద్మిని ఇంజిన్ పుట్టుకతో ఇటలీది, ఫియట్ 1100 నుంచి వారసత్వంగా వచ్చిన 1089 సీసీ ఇంజిన్. కాబట్టి బ్లాకులో ఉన్నది ఈ రెండూ కాదు, మెట్రిక్. ఇంజిన్ బ్లాకు థ్రెడ్ చెడితే దాన్ని బాగుచేయడం ఎంత కష్టమో పాత కార్లున్న వాళ్లకు చెప్పనక్కర్లేదు. అందుకే పాత లైటు స్విచ్ విప్పి, దాన్నే నమూనాగా జేబులో వేసుకుని తిరిగాను. ఈ పనికి దిగే ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట ఇదే. సైజు నోటితో చెప్పకండి, స్విచ్ చూపించండి.

రాణీగంజ్‌లో హైడ్రాలిక్ హోస్‌లు, ఇత్తడి ఫిట్టింగులు అమ్మే దుకాణాలు వరసగా ఉంటాయి. ఇత్తడి టీ, అంటే టి అక్షరంలా మూడు నోళ్లున్న జాయింటు, అక్కడే దొరికింది. ఒక వైపు మీటరుకు, ఇంకో వైపు పాత లైటు స్విచ్‌కు. లైటు తీసేసి ఆ చోట మీటరు పెట్టుకునే వాళ్లున్నారు. అది నాకు నచ్చదు. ట్రాఫిక్‌లో కళ్లు రోడ్డు మీద ఉన్నప్పుడు ముల్లు పడిపోవడం గమనించకపోవచ్చు, ఎర్ర లైటు మాత్రం కళ్లలో పడుతుంది. రెండూ ఉండాలి.

మెట్రిక్ నుంచి పైపు థ్రెడ్‌కు మార్చే అడాప్టర్ మాత్రం ఎక్కడా లేదు. బాలానగర్‌లో ఒక లేత్ షాపుకు వెళ్లాను. ఆయన థ్రెడ్ గేజ్ పెట్టి స్విచ్‌ను కొలిచి, ఇత్తడి కడ్డీ లేత్‌కు బిగించాడు. నేను ఒక్కటే కోరాను, అడాప్టర్ మధ్యలో రంధ్రం ఒక మిల్లీమీటరు మించకూడదని.

"అంత సన్నగ ఎందుకన్నా? ఆయిల్ పోవద్దా?"

"పోవాల్సింది ప్రెషర్ అన్నా, ఆయిల్ కాదు. రేపు పైపు తెగినా ఆయిల్ ధారగా పోకుండా సన్నగా కారుతుంది, బండి ఆపుకునే టైమ్ దొరుకుతుంది."

ఆయనకు వెంటనే అర్థమైంది. ముందు పెద్ద డ్రిల్‌తో చాలా దూరం తవ్వి, చివరి కొద్ది మందంలో మాత్రమే సన్న డ్రిల్ దింపాడు. మొత్తం పొడవునా సన్న డ్రిల్ దింపితే విరుగుతుందట. ఆ సన్న రంధ్రం వల్ల ఇంకో లాభం, ముల్లు వణకదు. చేసిన అడాప్టర్ అద్దంలా మెరుస్తుంటే విప్పి బిగించి చాలాసేపు చూసుకున్నాను. ఈ ఊళ్లో ఇలాంటి పని చేసే చేతులు ఇంకా ఉన్నాయి, పాత కార్లు తిరుగుతున్నాయంటే సగం వాళ్ల పుణ్యమే.

టీని నేరుగా బ్లాకుకు బిగించలేదు. అడాప్టర్, టీ, స్విచ్ అన్నీ ఒకదానికొకటి తగిలిస్తే బయటికి పొడుగ్గా వేలాడతాయి. ఇంజిన్ అదురుకు ఆ బరువంతా ఊగి ఊగి ఇత్తడి మొదట్లో పగులుతుంది. అందుకని బ్లాకులో అడాప్టర్ ఒక్కటే ఉంచి, అక్కడి నుంచి అల్లిక తొడుగున్న పొట్టి హోస్ వేసి, టీని ఇంజిన్ వెనక గోడకు బ్రాకెట్‌తో బిగించాం. హోస్ కూడా రాణీగంజ్‌లోనే కొలత ఇచ్చి రెండు చివర్లా ఫిట్టింగులు వేయించాను. టీ నుంచి మీటరుకు సన్నని రాగి గొట్టం. మీటరుతో పాటు వచ్చిన నైలాన్ గొట్టం పక్కన పెట్టాను. సైలెన్సర్ పైపు వేడికి అది మెత్తబడుతుందని నా భయం. రాగికి వేరే లోపం ఉంది, అదురుకు గట్టిపడి తర్వాత చిట్లుతుంది. దాన్ని మధ్యలో చుట్టగా తిప్పి వదిలితే అదురు ఆ చుట్ట మింగేస్తుంది. గోడ దాటే చోట రబ్బరు గ్రామెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) తప్పనిసరి, లేకపోతే రేకు అంచు గొట్టాన్ని కోస్తుంది.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. లైటు స్విచ్‌కు ఒకే వైరు ఉంటుంది, ఎర్త్ దాని ఒంటి ద్వారా ఇంజిన్ నుంచి అందుతుంది. స్విచ్‌ను ఇంజిన్ నుంచి తీసి హోస్ చివరికి మారిస్తే ఆ ఎర్త్‌కు గ్యారంటీ ఉండదు. ఎర్త్ లేకపోతే లైటు ఎప్పటికీ వెలగదు, మనమేమో అంతా బాగుందనుకుంటాం. బ్రాకెట్ కింద పెయింట్ గీకించి, అక్కడి నుంచి ఇంజిన్‌కు విడిగా ఒక ఎర్త్ వైరు వేయించాను. తర్వాత తాళం తిప్పి లైటు వెలుగుతోందని చూసుకున్నాం. పైపు థ్రెడ్‌లకు టెఫ్లాన్ టేపు చుట్టినా, ఎర్త్ పోయే చోట అది చుట్లన్నీ కప్పేయకుండా జాగ్రత్తపడ్డాం. బ్లాకు దగ్గర అడాప్టర్‌కు మాత్రం టేపు లేదు, రాగి వాషర్ మాత్రమే. వాషర్‌ను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి చక్కగా అతుకుతుంది. ఉస్తాద్ ఈ పని ఎన్నేళ్లుగానో చేస్తున్నారు, చెప్పాల్సిన అవసరం రాలేదు.

మీటరు డాష్‌బోర్డు కింద చిన్న బ్రాకెట్‌లో కూర్చుంది. డాష్‌బోర్డుకు ఒక్క రంధ్రం పెట్టడానికీ నేను ఒప్పుకోలేదు. మీటరులోని బల్బుకు ప్యానెల్ లైట్ల వైరు నుంచే కరెంటు తీసుకున్నాం.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఇగ్నిషన్ కాయిల్ వైరు తీసి, సెల్ఫ్ మాత్రమే తిప్పించాం. ముల్లు మెల్లగా లేచింది. అప్పుడు వైరు పెట్టి స్టార్ట్ చేస్తే, చల్లటి ఇంజిన్ మీద 60 దాటింది. కింద టార్చ్ వేసి ప్రతి జాయింటూ చూశాం. వేడెక్కి చల్లారాక ఫిట్టింగులన్నీ మళ్లీ ఒకసారి పానాతో చూసుకోవాలి, ఇది వదిలేయకూడదు.

తర్వాత కొన్ని వారాలు నేను చేసిన పని రీడింగులు రాసుకోవడమే. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డులో సాఫీగా పోతుంటే 45 చుట్టూ. పొద్దున్నే నెక్లెస్ రోడ్డులో ఇంకాస్త ఎక్కువ. మే నెల మధ్యాహ్నం లక్డీకాపూల్‌లో ఆగిపోయినప్పుడు మాత్రం 12కి దిగింది. చూడగానే గుండె ఝల్లుమంది. ఇంజిన్ ఆపేద్దామా అనుకుంటుండగానే సిగ్నల్ పడింది, యాక్సిలరేటర్ తొక్కగానే ముల్లు హాయిగా పైకి లేచింది. వెయ్యి ఆర్‌పీఎమ్‌కు 10 పీఎస్ఐ ఉంటే చాలన్నది మెకానిక్‌లు వాడే పాత లెక్క. ఐడిలింగ్‌లో 12 అంటే ఆ లెక్కకు సరిపోయినట్టే. మా ఐడిలింగ్ కొంచెం తక్కువకు సెట్ అయి ఉంది, కార్బురేటర్ స్క్రూ తిప్పి పెంచాక వేసవిలోనూ 15 దగ్గర నిలబడుతోంది.

ఆ 12 చూసి షెడ్డులో ఒకతను, రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్ కింద వాషర్ వేస్తే ప్రెషర్ పెరుగుతుందన్నాడు. ఇది చాలా చోట్ల వింటాం, దయచేసి చేయించకండి. ప్రెషర్ మరీ ఎక్కువైనప్పుడు తెరుచుకోవడమే రిలీఫ్ వాల్వ్ పని. 12 పీఎస్ఐ దగ్గర అది మూసుకునే ఉంటుంది, దాని స్ప్రింగ్‌ను ఎంత బిగించినా ఐడిలింగ్‌లో ఏమీ మారదు. చల్లటి ఇంజిన్ మీద మాత్రం ప్రెషర్ అనవసరంగా పెరిగి, పంపు మీదా సీళ్ల మీదా భారం పడుతుంది. ఉస్తాద్ కూడా అదే అన్నారు. కొత్త కార్ల పల్చటి ఆయిల్ జోలికీ పోలేదు, చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్‌నే వాడుతున్నాను.

మీటరు కంటే ఫిట్టింగులకు, హోస్‌కు, లేత్‌కే ఎక్కువ ఖర్చయింది. అక్కడ మిగుల్చుకోవాలని చూడకండి. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ఇప్పుడు నేను చూసేది అంకె కన్నా తేడా. నిన్న ఇదే ఎండలో, ఇదే సిగ్నల్ దగ్గర ఉన్న దానికంటే బాగా తగ్గితే డిప్‌స్టిక్ తీసి చూస్తాను. నడుస్తుండగా ఒక్కసారిగా పడిపోతే మాత్రం ఆలోచించేదేమీ లేదు, పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. హోస్ రబ్బరే కదా, కాలంతో గట్టిపడుతుంది, అందుకే వేయించిన తేదీ రాసిన చీటీ దానికే కట్టి ఉంచాను.