దసలి కాయ విచ్చిన రాత్రి

పోయిన వేసవిలో చెన్నూరులో పెద్దమ్మ వాళ్లింటికి వెళ్తే, దసలి పట్టు (అడవి చెట్ల మీద పెంచే టసర్ పట్టు) పండించే పక్కింటి రైతు ఒక కాయ చేతిలో పెట్టాడు. కాయంటే కాయ కాదు, నల్లమద్ది చెట్టు మీద పట్టుపురుగు అల్లుకున్న గూడు. బూడిద రంగు, కోడిగుడ్డు కంటే చిన్నది, చెక్కలా గట్టిది. ఊపితే లోపల బరువుగా కదిలింది.

హైదరాబాద్ తెచ్చి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఫోటో పంపాను. వెంటనే పెద్దమ్మ ఫోన్. "డబ్బాల పెడ్తె రెక్కలెట్ల చాపుకుంటది బిడ్డా? కాడకు దారం కట్టి ఏలాడదియ్యి." బాల్కనీలో వేలాడదీశాను. మే అంతా ఉలుకూ పలుకూ లేదు. ఎండకు మాడిపోయిందేమోనని ఒకటే టెన్షన్.

జూన్‌లో వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం 7 దాటింది. కాయ కాడ దగ్గర తడిగా ఉంది. జల్లు పడిందనుకున్నాను. కాదు, గూట్లోని పురుగు రెక్కల చిమ్మటగా మారింది. అదే లోపల్నుంచి ఒక ద్రవం వదిలి, పట్టుపోగుల జిగురును మెత్తబరుస్తోంది. ముందు తల, తర్వాత కాళ్లు. మొత్తం బయటికొచ్చాక చూసి ఉసూరుమన్నాను. ఇంత పొట్ట, దానికి నలిపేసిన కాగితాల్లాంటి రెక్కలు! అవిటిదే అనుకున్నాను. అది మాత్రం కాయను పట్టుకుని తాపీగా వేలాడింది. ఒంట్లోని ద్రవం నరాల్లోకి ఎక్కేకొద్దీ రెక్కలు సాగుతూ కిందికి దిగాయి. పెద్దమ్మ దారమెందుకు కట్టమందో అప్పుడర్థమైంది.

తొమ్మిదింటికి దగ్గర్లో స్కేలు పట్టాను. ఈ చివర నుంచి ఆ చివరకి 16 సెంటీమీటర్లు. పసుపు రంగు, ముందు రెక్కల పైఅంచున బూడిద పట్టీ. నాలుగు రెక్కల మీదా తలో కన్ను. ఆ కంటి నడుమ రంగే లేదు, అద్దం ముక్కలా ఉంది. అందులోంచి వెనక ఆరేసిన చొక్కా గళ్లు కనిపించాయి! మీసాలు సన్నగా ఉన్నాయి కాబట్టి ఆడది. మగదైతే ఇటుక రంగులో, ఈకల్లాంటి వెడల్పు మీసాలతో ఉంటుంది.

ఆకలేస్తుందని చక్కెర నీళ్లు పెట్టాను. పెద్దమ్మ పడీ పడీ నవ్వింది. "దానికి తినే నోరేడిది?" పురుగుగా ఉన్నప్పుడు మేసిన మద్దాకే చివరిదాకా ఆధారమట.

మా అపార్ట్‌మెంట్లకు మగది ఎక్కణ్నుంచి వస్తుంది? మూడో రాత్రి కర్టెన్ నిండా గుడ్లు పెట్టింది. ఒక్కో గుడ్డు చుట్టూ గీసినట్టు రెండు గోధుమ గీతలు. పిల్లలు కావని తెలిసినా పది రోజులు కర్టెన్ ఉతకనివ్వలేదు. చిమ్మట ఎనిమిదో రోజే పోయింది.

పెద్దమ్మకు చెప్తే, "ఈసారి నాలుగు కాయలు తీస్కపో" అంది.