సజ్జ మీది టెడ్డీలతో కూర్చునే మోడా

పిల్లలు ఎదిగాక టెడ్డీలన్నీ మూటగా సజ్జ ఎక్కుతాయి. పెద్దవాళ్లకు ఎవరికైనా ఇచ్చేయాలనిపిస్తుంది, పిల్లలకేమో ఒక్కటి కూడా ఇవ్వబుద్ధి కాదు. అలాంటి ఇంట్లో బొమ్మను కోయకుండా, దూది తీయకుండా అన్నింటినీ ఒకే సంచిలో కూరి మోడా, అంటే వీపు ఆనించే భాగం లేని గుండ్రటి పీట, చేసుకోవడం మేలు. ఎప్పుడు బెంగపడినా జిప్ తీసి తమ కుందేలును బయటికి తెచ్చుకుంటారు. ఇందుకే నాకీ పద్ధతి నచ్చుతుంది.

ముందు ఉతకాలి. హైదరాబాద్‌లో దీనికి ఏప్రిల్, మే నెలలే సరైనవి. పాటలు పాడే బొమ్మలుంటే కుట్టు విప్పి బ్యాటరీ డబ్బా తీసేయండి. నలిపితే లోపల పసుపు పొడిలా రాలే పాత ఫోమ్ బొమ్మలు పనికిరావు, పక్కన పెట్టేయండి. మిగతావాటిని వంటింటి త్రాసులో తూచి బరువు రాసుకోండి. తర్వాత దిండు గలేబులో వేసి మూతి ముడివేసి, చల్లటి నీళ్లలో మిషన్‌లో సున్నితంగా తిప్పండి. రెండు మూడు రోజులు ఎండలో తిరగేస్తూ ఆరబెట్టండి. పైన బొచ్చు పొడిగా తగిలినా కడుపులో దూది తడిగానే ఉండొచ్చు. మళ్లీ తూచినప్పుడు మొదటి బరువుకు దిగితేనే ఆరినట్టు. తొందరపడి మూస్తే వానాకాలానికి మోడా అంతా ముక్కవాసన కొడుతుంది. తొందరగా ఆరాలని ఇస్త్రీపెట్టె, వేడి డ్రయ్యర్ వాడొద్దు. సింథటిక్ బొచ్చు కరిగి ఉండలు కడుతుంది.

18 అంగుళాల అడ్డం, 12 అంగుళాల ఎత్తు ఉన్న మోడాకు జానెడు నుంచి అడుగు దాకా ఉన్న బొమ్మలు 20–25 పడతాయి. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో 54 అంగుళాల పన్నా ఉన్న మందపాటి సోఫా బట్ట మీటరున్నర తీసుకోండి. 19 అంగుళాల అడ్డం ఉన్న గుండ్రటి ముక్కలు రెండు, 57.5 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు ఉన్న పట్టీ ఒకటి కత్తిరించాలి. కుట్టుకు అన్ని వైపులా అర అంగుళం ఇందులోనే ఉంది. పట్టీ పొడవుగా పోవాలి కాబట్టి బట్ట నిలువునా కత్తిరించండి, అడ్డంగా చాలదు.

జిప్‌ను పట్టీ అతుకులో పెడితే 12 అంగుళాలే వస్తుంది, అందులోంచి పెద్ద ఎలుగుబంటి దూరదు. అడుగు గుండ్రం అంచున 25 అంగుళాల జిప్ పెట్టండి. కుట్లన్నీ రెండేసి వరసలు వేయాలి. మనిషి కూర్చున్నప్పుడు మొదట పిగిలేది పై గుండ్రం కుట్టే.

నింపడంలోనే అసలు పనితనం. పెద్ద బొమ్మలే వేస్తే మధ్యలో ఖాళీలు మిగిలి, నెల తిరగకుండానే కూర్చున్నచోట గుంట పడుతుంది. జిప్ అడుగున ఉంది కాబట్టి సంచిని తలకిందులుగా పెట్టి, పైన రావాల్సినవి ముందు వేస్తూ నింపండి. మోడా నిలబెట్టాక బరువైనవి, ప్లాస్టిక్ గింజలున్నవి అడుగున ఉండాలి. వాటి మీద పెద్దవి బోర్లా, కళ్లూ ముక్కులూ లోపలికి తిరిగేలా పెట్టాలి. లేకపోతే గట్టి ముక్కు గుచ్చుకుంటుంది. సందుల్లో చిన్నవాటిని, అవి చాలకపోతే పాత టీషర్టులను కూరండి. పైన వెడల్పాటి మెత్తనిది ఒకటి రావాలి. జిప్ పట్టడానికి మోకాలితో అదమాల్సి వచ్చిందంటే సరిపడా నిండినట్టు. చేత్తోనే సులువుగా పడితే ఇంకో మూడు బొమ్మలకు చోటుందని లెక్క.

ఇంట్లో పాకే పిల్లలుంటే జిప్ లాగే పిడిని తీసేసి, అవసరమైనప్పుడు పేపర్ క్లిప్ తగిలించి తెరవండి. ఖాళీ సంచిలోకి దూరి మూసుకునే ప్రమాదం ఉంది.

ఒకటి రెండు మిగిలితే తలుపు కొట్టుకోకుండా ఆపడానికి పనికొస్తాయి. పొట్ట కింద కుట్టు విప్పి కాస్త దూది తీసి, కిలో కడిగిన ఇసుకను పాలిథిన్ సంచిలో కట్టి, దానిపై గుడ్డసంచి తొడిగి పెట్టండి. ఇసుకను నేరుగా పోస్తే కుట్టు రంధ్రాల్లోంచి రాలుతూనే ఉంటుంది. బియ్యం మాత్రం వద్దు, పురుగు పడుతుంది.